ఐదో కాంటూరు లోపల రిసార్టు కడుతుంటే ఏ కోర్టుకు వెళ్లాలి?

ప్రశ్న: మాది కొల్లేటి లంక గ్రామం. మూడు తరాలుగా చేపల వేటే మాకు ఆధారం. ఎనిమిది నెలల క్రితం ఒకాయన తన పట్టా చెరువు పూడ్చి, కాటేజీలు, బోటు షికారుతో రిసార్టు మొదలుపెట్టాడు. గూడబాతులు అటు వాలడం మానేశాయి. మట్టి లారీలను ఫోనులో వీడియో తీశాం. అధికారులకు ఎన్నోసార్లు చెప్పుకున్నాం. రాత్రికి రాత్రి గట్టు కొట్టేద్దామని కుర్రాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఆ చెరువు సర్వే నంబరు తప్ప. కేసు తేలేది దాని మీదే. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే హద్దు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. స్థలం ఆ హద్దు లోపల ఉంటే, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, సెక్షన్ 33 ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం లేకుండా వ్యాపారం కోసం లాడ్జీలు, హోటళ్లు కట్టరాదు. చేతిలో పట్టా ఉన్నంత మాత్రాన ఈ నిషేధం తొలగిపోదు. హద్దు బయట ఉంటే ఈ వాదన నిలవదు.

ఎనిమిది నెలలు నోటిమాటలతో గడిపి, ఒక్క అర్జీకైనా రసీదు తీసుకోకపోవడం క్షమించరాని అలసత్వం. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో వివాదం వేయడానికి కారణం మొదట ఏర్పడిన నాటి నుంచి ఆరు నెలలే గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. అదీ మీకు దాదాపు ముగిసింది. పైగా వన్యప్రాణి చట్టం ఆ ట్రైబ్యునల్ విచారించే చట్టాల జాబితాలోనే లేదు. అందువల్ల హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యమే మీకు సరైన దారి. దానికి నిర్ణీత గడువు లేకపోయినా, ఇంతకాలం ఏం చేశారని న్యాయమూర్తి తప్పక అడుగుతారు.

గట్టు జోలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి. గట్టు తెగిన మరునాడు ఫిర్యాదుదారు ఆ రిసార్టు యజమాని అవుతాడు, ముద్దాయిలు మీ పిల్లలవుతారు, ఆ ఎఫ్.ఐ.ఆర్. నకలే మీ వ్యాజ్యానికి ఆయన వేసే కౌంటరు(జవాబు)లో మొదటి కాగితం అవుతుంది.

ముందు ఎఫ్.ఎం.బి. (భూమి కొలతల పటం) నకలు, అడంగల్ (గ్రామ భూమి రికార్డు) తీసుకోండి. ఫలానా సర్వే నంబరు అభయారణ్యంలో ఉందా, రిసార్టుకు మండలి ఆమోదం ఉందా అని వన్యప్రాణి విభాగం అటవీ అధికారి కార్యాలయాన్ని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆమోదం లేదని రాతపూర్వకంగా వస్తే, వంద మంది సాక్షుల కన్నా ఆ కాగితమే మీకు బలం. వన్యప్రాణి చట్టం సెక్షన్ 55 కింద ప్రభుత్వానికి 60 రోజుల ముందు నోటీసు ఇచ్చిన ఏ పౌరుడైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు కనుక, ఆ నోటీసును ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మట్టి లారీల వీడియో తీసిన ఫోనును మార్చకండి, అమ్మకండి; భారతీయ సాక్ష్య అధినియమ్, 2023, సెక్షన్ 63 ప్రకారం వీడియోతో పాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రానికి అది అవసరమవుతుంది. ఇకపై తీసే ప్రతి ఫొటోలోనూ సర్వే రాయి కనబడాలి.