గెలాక్సీ రాస్బోరాలకు బోరు నీళ్ళు పడవా?

ట్యాంకులో పెంచుకునే బుల్లి చేపలు, ఆరు గెలాక్సీ రాస్బోరాలు తెచ్చారు, పగలంతా ఫిల్టర్ వెనకే దాక్కుంటున్నాయి, రెండింటి రెక్కలు చిరిగాయి, హైదరాబాద్ బోరు నీళ్ళు పడటం లేదేమో అన్నది మీ అనుమానం. నా లెక్కలో తప్పు నీళ్ళది కాదు. వీటికి ఉప్పులు ఎక్కువున్న గట్టి నీళ్ళకన్నా ఎండాకాలం ఎక్కువ ప్రమాదం.

రాస్బోరా అనేది దుకాణంవాళ్ళ పేరు. నిజానికి ఇది డానియో, శాస్త్రీయ నామం డానియో మార్గరిటేటస్. 2006లో బయటపడింది, 2007లో చేపల శాస్త్రవేత్త టైసన్ రాబర్ట్స్ వర్ణించాడు. సొంత చోటు మయన్మార్ షాన్ రాష్ట్రంలో హోపాంగ్ దగ్గరి ఊట గుంటలు. ఆ తర్వాత ఇంకొన్ని చోట్ల కనిపించినా దీని పరిధి చాలా చిన్నది. సముద్రమట్టానికి దాదాపు 1,040 మీటర్ల ఎత్తు, అడుగు లోతు నీళ్ళు, నిండా నాచు. జనవరిలో కొలిస్తే 22–24 డిగ్రీలు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అంటే రెండూ కానిది) 7.3. అంటే కొంచెం క్షారం వైపున్న చల్లటి నీళ్ళ చేప. ఆమ్లం వైపున్న నీళ్ళు ఇష్టపడే టెట్రా చేపలకు చేసినట్టు పీహెచ్ 6కి దించాలని మందులు పోయకండి, అదే ఎక్కువ చెరుపు.

బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగి ఉన్న ఉప్పుల కొలత) 800 ఉంటే సగానికి సగం ఆర్వో నీళ్ళు కలపండి, 400 చిల్లరకు వస్తుంది, చాలు. 18×12×12 అంగుళాల ట్యాంకులో ఇసుక, మొక్కలు పోను నీళ్ళు దాదాపు 35 లీటర్లు పడతాయి. వారానికోసారి 7 లీటర్లు తీసి, అదే పాళ్ళలో కలిపిన నీళ్ళు మెల్లగా పోయండి. కుళాయి నీళ్ళయితే యాంటీ క్లోరిన్ తప్పనిసరి.

ఏప్రిల్, మే నెలల్లో గదిలోని ట్యాంకు 31–32 డిగ్రీలకు సులువుగా పోతుంది. ఆ వేడిలో నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు తిండి మానేస్తాయి, ఒక్కొక్కటే పోతుంది. ఐసు సీసాలు వేయకండి, అరగంటలో నాలుగు డిగ్రీలు పడి మళ్ళీ లేస్తే ఇంకా దెబ్బ. మూత తీసి చిన్న కంప్యూటర్ ఫ్యాను నీళ్ళ మీదికి ఏటవాలుగా పెడితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. పైన వల కప్పండి, ఇవి ఎగిరి పడతాయి. చాలామంది పొరపాటు పడేది ఆవిరైన నీళ్ళ దగ్గర: రోజుకు లీటరు దాకా పోతుంది, ఉప్పులు మాత్రం ట్యాంకులోనే మిగులుతాయి. తగ్గిన నీళ్ళ బదులు బోరు నీళ్ళే పోస్తూ పోతే నెల తిరిగేసరికి టీడీఎస్ రెట్టింపవుతుంది. అద్దం మీద టేపుతో గీత పెట్టుకుని, తగ్గినంత ఆర్వో నీళ్ళు మాత్రమే పోయండి.

దాక్కోవడానికి కారణం బోసి ట్యాంకు, పైన గట్టి లైటు, విసురుగా కొట్టే ఫిల్టరు. పవర్ ఫిల్టర్ బదులు గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. అయితే కొత్త స్పాంజ్‌లో చేపల వ్యర్థాల్ని శుద్ధి చేసే బ్యాక్టీరియా పట్టేదాకా మూడు నాలుగు వారాలు రెండూ కలిపి నడపండి, లేకపోతే అమ్మోనియా లేస్తుంది. జావా మాస్, హైడ్రిల్లా గుబురుగా నింపండి. మొక్కలు పెరిగితే చేపలు కనిపించవనుకుంటారు గానీ, పక్కనే చాటుందని తెలిస్తేనే ఇవి ముందుకొస్తాయి.

చిరిగిన రెక్కలు మగవాటి కొట్లాట వల్ల. మగదాని పొట్ట నారింజ రంగు, రెక్కల మీద ఎరుపు, నలుపు చారలు ముదురుగా ఉంటాయి. ఆడది గుండ్రంగా, పొట్ట పాలిపోయినట్టు ఉంటుంది. దుకాణంలో రంగు చూసి ఏరుకుంటే అన్నీ మగవే వస్తాయి! ఒక మగదానికి రెండు ఆడవి లెక్కన సరిచేయండి. చిరుగు అంచు శుభ్రంగా ఉంటే దానంతటదే మానుతుంది. తెల్లగా దూదిలా కనిపిస్తే ఆ చేపను వేరు చేయాలి.

నోరు చాలా చిన్నది, గప్పీల మేత అలాగే వేస్తే ఉమ్మేస్తాయి. పొడి చేసి చిటికెడు, రోజుకు రెండుసార్లు.

గుడ్లు కావాలంటే 8 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు జావా మాస్ వేసి, ఒక మగది, రెండు ఆడవి రెండు రోజులు ఉంచి తీసేయండి. ఆలస్యమైతే గుడ్లు అవే తినేస్తాయి. 10–30 గుడ్లు రావచ్చు. తెల్లబడ్డవి పిప్పెట్‌తో ఏరేయండి, ఎండిన బాదం ఆకు ముక్క వేస్తే బూజు తగ్గుతుంది. 24–25 డిగ్రీల్లో మూడు నాలుగు రోజులకు పొదుగుతాయి. పిల్లలు మరో రెండు మూడు రోజులు నల్లటి నలుసుల్లా అడుగున కదలకుండా పడి ఉంటాయి. చచ్చాయనుకుని నీళ్ళు పారబోసేవాళ్ళున్నారు, టార్చి వేసి చూడండి. ఈదడం మొదలయ్యాక వారం, పది రోజులు ఇన్ఫ్యూసోరియా (నీళ్ళలోని సూక్ష్మజీవులు), ఆపైన అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలు). రొయ్యల హేచరీలు వాడే డబ్బా గుడ్లే ఇక్కడా పనికొస్తాయి, లీటరు నీళ్ళకు 25 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు, ఆగకుండా గాలి, దాదాపు ఒక రోజు. రంగు తేలడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది.