ఫ్యాన్ ఆపేసే మామగారు

ప్రశ్న: మాది కర్నూలు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మామయ్య ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. అత్తమ్మ పోయి ఏడాదిన్నర. ఆర్నెల్ల కిందట ఎవరో వీడియో చూపిస్తే వాటర్ కలర్స్ మొదలుపెట్టారు. అప్పట్నుంచి డైనింగ్ టేబుల్ ఆయనదే. స్టీలు గ్లాసుల నిండా రంగునీళ్లు. ఈ ఎండల్లో హాల్లో ఫ్యాన్ ఆపేసి కూర్చుంటారు. అడిగితే రంగు ఆరిపోతుందంటారు. నెలకు పదిహేను వందలు పేపర్లకే. పోనీ గొప్పగా వేస్తారా అంటే అదీ లేదు, కొండారెడ్డి బురుజు వేస్తే గ్యాస్ సిలిండర్‌లా వచ్చింది. ఒకటో తరగతి చదివే పాప హోంవర్క్ మానేసి తాత పక్కనే. మా ఆయనకు చెబితే ‘పెద్దాయన ఏదో చేసుకుంటున్నాడులే, సర్దుకో’ అంటారు. చివరికి నేనే చెడ్డదాన్నవుతున్నాను. ఒకరోజు ఆయన గుడికి పోయినప్పుడు ఆ బ్రష్ పట్టుకున్నా, ఐదు నిమిషాలు. పాప చూసి నవ్వితే సిగ్గేసి పెట్టేశా. ఈ పిచ్చి మాన్పించడం ఎలా?

జవాబు: సిలిండర్ మాట దగ్గర నవ్వాపుకోలేకపోయాను, ఏమీ అనుకోకండి. గుండ్రటి గోడ మీద వెలుగు మెల్లగా నీడలోకి తిరిగినట్టు చూపించడం వాటర్ కలర్‌లో కష్టమైన పని. ఆర్నెల్లకే బురుజు గుండ్రంగా వచ్చిందంటే మామగారి చెయ్యి తిరుగుతున్నట్టే. నేను మొదట వేసిన బురుజు పలకలా వచ్చింది.

ముందు ఫ్యాన్ సంగతి. మీ ఉత్తరంలో అసలు ఉక్కపోత అక్కడే ఉంది. ఆకాశం వేయాలంటే కాగితాన్ని నీళ్లతో తడిపి, ఆ తడి మీద రంగు తాకిస్తారు. రంగు దానంతటదే పాకుతుంది. తడి మెరుపు పోయేదాకానే టైము. మన ఊరి మే నెలలో, నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే ఆ మెరుపు ఎంతసేపు నిలుస్తుంది? సగం ఆరిన చోట నీళ్లెక్కువున్న బ్రష్ తగిలితే, ఆ నీళ్లు రంగును అంచులకు తోసేసి కుచ్చులు కుచ్చుల అంచుతో మచ్చ పడుతుంది. వేసేవాళ్లు దాన్ని కాలీఫ్లవర్ అనే అంటారు. కాబట్టి మామగారు సాకులు చెప్పడం లేదు. అలాగని మీరు ఉడికిపోవాల్సిన పనీ లేదు. తెల్లారి ఆరింటికి మిద్దె మీద కూర్చుంటే ఫ్యానూ అక్కర్లేదు, గొడవా ఉండదు. ఇంట్లోనే వేస్తానంటే, కాగితాన్ని రెండువైపులా తడిపి నునుపైన బండ మీద పరచమనండి. అది బండకు అతుక్కుని చాలాసేపు ఆరదు. మన వైపు ఇళ్లల్లో బేతంచెర్ల బండకు కొదవా? పెరట్లో మూలపడ్డ పాలిష్ ముక్క ఒకటి వరండాలో స్టూలు మీద పెడితే, ఆయనకు టేబుల్ దొరికినట్టే, మీ టేబుల్ మీకు వచ్చినట్టే.

ఇక దీన్ని మీరు పిచ్చి అన్నారు. ఆయన పాత ఉద్యోగం ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక్క అంకె తప్పు పడితే కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాల్సిన పని. ఏళ్ల తరబడి గడి దాటకుండా రాసిన మనిషికి, గడి దాటి పారే రంగు ఎదురైంది. అందులో తప్పు పోతే కొట్టేయడానికి ఉండదు, తెల్లరంగు పూసి కప్పడానికీ ఉండదు. తెలుపు కావాలంటే ఆ చోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. అంటే ఏం వేయకూడదో ముందే అనుకోవాలి. స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ వల్ల మనకు వాటర్ కలర్స్ అంటే పిల్లల సామాను అయిపోయింది గానీ, ఆయిల్ రంగుల్లో పైన ఇంకో పూత వేసి దిద్దుకునే వీలుంది, ఇందులో ఆ దయ తక్కువ.

నేను నలభై మూడో ఏట మొదలుపెట్టాను, పిల్లల సమ్మర్ క్లాసులో వెనక బెంచీ మీద. ఒకరోజు తుంగభద్ర వేయబోయాను, నీళ్లకంటే బండలే ఎక్కువ కనిపించే రోజుల్లో. బండలకు బూడిదరంగు ట్యూబు లేదని దిగాలుపడ్డాను. నేర్పే ఆవిడ అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా, అదే ఇటుకపొడి లాంటి గోధుమరంగు, కలిపి ఊరుకుంది. నీలం పోయింది, గోధుమా పోయింది, ఎండకు కాలిన రాయి రంగు వచ్చింది. ఆరాక చూద్దును కదా, నీలం రేణువులు కాగితం గరుకు గుంటల్లోకి దిగి బండ మీది గరుకు కూడా వచ్చేసింది. అది నేను వేసింది కాదు. ఆ మధ్యాహ్నం అన్నం తినడం మర్చిపోయాను. ఆరు నెలలుగా మీ మామగారు ఏం వెతుక్కుంటున్నారో నాకు అర్థమైనట్టే ఉంది. అత్తమ్మ పోయాక ఆయన పగలు ఎలా గడిచేవో మీరు రాయలేదు. ఒకసారి గుర్తు చేసుకోండి.

డబ్బు సంగతి. ఆ పదిహేను వందలు ఎవరి జేబులోంచో కూడా రాయలేదు. ఆయన పింఛనులోంచైతే అది ఆయన ఇష్టం. ఇంటి ఖర్చులోంచైతే అడిగే హక్కు మీకుంది, అడగండి. మామూలు డ్రాయింగ్ బుక్ కాగితం తడిస్తే వేయించిన అప్పడంలా లేస్తుంది. అందుకే 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందపాటి కాటన్ పేపర్ కొంటారు, అది ఖరీదే. కానీ రోజువారీ సాధన తక్కువ ధర పేపర్ మీద, రెండువైపులా చేయొచ్చు. ప్లేటులో ఎండిపోయిన రంగును కడిగి పారేయక్కర్లేదు. వాటర్ కలర్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల బంక, తడి తగిలితే మళ్లీ కరుగుతుంది.

పాప హోంవర్క్ ముందు, తాత తర్వాత. ఈ మాట తాతతోనే చెప్పించండి, మీరు చెబితే పని కాదు.

మీ ఆయన గురించి నాకు కొంచెం కోపం వచ్చింది. సర్దుకో అన్న మాట మీ ఇంట్లో ఎప్పుడూ ఒకరి వాటాకే ఎందుకొస్తోంది? తండ్రి రంగులంటే అంత గౌరవం ఉంటే రంగు మరకల టేబుల్ ఆయన తుడవొచ్చు. సెలవుల్లో తండ్రిని రాజమండ్రి తీసుకెళ్లొచ్చు. చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) బొమ్మలు అక్కడ ఆయన పేరిటి గ్యాలరీలో ఉన్నాయి, నీటిరంగులవీ, నూనెరంగులవీ. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన మనిషి పని అది.

అన్నీ చెప్పాక, మీరు చివర్లో తోసేసిన ఆ ఐదు నిమిషాల దగ్గరికొస్తాను. మాన్పించాలనుకునే పనిని ఎవరూ లేనప్పుడు చేసి చూశారు. ఆ ఇంట్లో ఊరికే కూర్చుని ఇష్టమొచ్చింది చేసుకునే వీలు ఇద్దరికే ఉంది: తాతకు, మనవరాలికి. మీరు స్కూల్లో పిల్లల్ని దిద్ది, ఇంటికొచ్చి గ్లాసులు కడుగుతున్నారు. మీ కోపం రంగుల మీదని నాకైతే అనిపించలేదు.

ఆదివారం పొద్దున ఒక గంట పెట్టుకోండి. ఆరోజు ఉగ్గాని మీ ఆయన చేస్తారు. బొరుగులు నానబెట్టడం రాకపోతే నేర్చుకుంటారు, వాళ్ల నాన్న అరవై దాటాక నేర్చుకోలేదా? మామగారి దగ్గర ఒక కాగితం, ఒక్క నీలం అడిగి తీసుకోండి. బురుజులూ కొండలూ వద్దు. కాగితం తడిపి నీలం పూయండి, తడి మెరుపు తగ్గుతుండగా నాలుగు కళ్లుప్పు రాళ్లు చల్లి వదిలేయండి. పూర్తిగా ఆరాక దులిపితే చుక్కలు చుక్కలుగా తెల్లటి పూలు విచ్చుకుని ఉంటాయి. పాప ఈసారీ నవ్వుతుంది, నవ్వనివ్వండి.

గ్లాసుల విషయం మాత్రం ఈరోజే తేల్చేయండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి హాని చేసే లోహాలు ఉంటాయి, కాబట్టి రంగుకు వాడిన గ్లాసులు మళ్లీ తాగడానికి వద్దు. బ్రష్ మొన నోట్లో పెట్టుకునే అలవాటు పాపకు అంటకుండా చూడండి. అసలు ఈ పనికి స్టీలు గ్లాసు పనికిరాదు, నీళ్లు ఎప్పుడు మురికయ్యాయో లోపల కనిపించదు. ఖాళీ అయిన ఆవకాయ గాజు సీసాలు కడిగి ఇవ్వండి. ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి మంచి నీళ్లకు, మనిషికి రెండు. మీరూ కూర్చునే రోజుకి నాలుగు కావాలి.