ఫోను మోగితే ఇంటర్‌నెట్ ఎందుకు తెగిపోతుంది?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా ల్యాండ్‌లైన్ మీదే డీఎస్‌ఎల్ ఇంటర్‌నెట్ వాడుతున్నాము. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైనప్పటి నుంచి కనెక్షన్ రోజుకు పలుమార్లు తెగిపోతోంది. ఫోను మోగినా తెగిపోతోంది. మా అమ్మాయి ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది కనుక చాలా ఇబ్బందిగా ఉంది. ఫిర్యాదు చేస్తే మోడెమ్ మార్చుకోమంటున్నారు. కొత్తది కొనక తప్పదా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మోడెమ్ కొనడానికి తొందరపడకండి. వానలతో మొదలవడం, ఫోను మోగగానే తెగిపోవడం అనే ఈ రెండు లక్షణాలను బట్టి చూస్తే, ముందుగా అనుమానించవలసినది మోడెమ్‌ను కాదు, తీగనూ స్ప్లిటర్‌నూ.

మీ ఇంటికి వచ్చే రాగి తీగల జత ఒక్కటే అయినా దాని మీద రెండు పనులు జరుగుతున్నాయి. మాటలు సుమారు 4 కిలోహెర్ట్జ్ లోపలే నడుస్తాయి; ఏడీఎస్‌ఎల్ (ఇళ్లలో ఎక్కువగా ఉండే డీఎస్‌ఎల్ రకం) సంకేతాలు సుమారు 25 కిలోహెర్ట్జ్ నుంచి 1.1 మెగాహెర్ట్జ్ వరకు, దాని మెరుగైన రూపం ఏడీఎస్‌ఎల్2ప్లస్‌లోనైతే 2.2 మెగాహెర్ట్జ్ వరకు నడుస్తాయి. ఈ రెండింటినీ విడదీసే చిన్న పెట్టే స్ప్లిటర్. గంట మోగించడానికి ఎక్స్ఛేంజ్ పంపే విద్యుత్తు మాటను మోసే విద్యుత్తు కన్నా ఎంతో బలమైనది కాబట్టి, స్ప్లిటర్ పాడైనా, పడకగదిలో ఎప్పుడో పెట్టుకున్న రెండో ఫోనుకు ఫిల్టర్ (ఒక్క ఫోనుకే పెట్టే, స్ప్లిటర్ లాంటి చిన్న పరికరం) లేకపోయినా, ఆ అలజడి నేరుగా మోడెమ్‌ను తాకుతుంది. స్ప్లిటర్ ద్వారా కాకుండా నేరుగా తీగకు కలిపిన ప్రతి ఫోనుకూ ఫిల్టర్ ఉండాలి. మోడెమ్ తీగను మాత్రం స్ప్లిటర్‌లో ఫోనుకు కేటాయించిన రంధ్రంలో పెట్టకూడదు.

ఇక వాన సంగతి. మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. మోడెమ్ తీసివేసి, ఫోను ఎత్తి, ఏదైనా ఒక అంకె నొక్కండి. డయల్ టోన్ ఆగి కొన్ని క్షణాలు నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు గరగర వినిపిస్తే ఎక్కడో అతుకులోకి నీరు చేరిందనీ, రాగికి చిలుము పట్టిందనీ దాదాపుగా చెప్పవచ్చు. ఇలాంటి అతుకుకు విచిత్రమైన గుణం ఒకటి ఉంది: ఫోను ఎత్తినప్పుడు తీగలో విద్యుత్తు పారి, ఆ అతుకు కాసేపు సర్దుకుంటుంది, ఇంటర్‌నెట్ కూడా తాత్కాలికంగా బాగుపడుతుంది. డయల్ టోన్ అసలే లేకుండా ఇంటర్‌నెట్ మాత్రం నత్తనడకన నడుస్తుంటే, జతలోని రెండు తీగల్లో ఒకటి తెగి ఉండే అవకాశం ఎక్కువ. లైన్‌మన్‌కు ఈ వివరాలు చెబితే ఆయన పని సగం తగ్గుతుంది.

రెండో పరీక్ష మరింత ముఖ్యం. వీధి తీగ ఇంట్లోకి వచ్చే మొదటి పాయింటు దగ్గరకు మోడెమ్‌ను తీసుకువెళ్లి, మిగతా ఫోన్లనూ తీగలనూ పూర్తిగా విడదీసి, మోడెమ్ ఒక్కటే కలిపి ఒక రోజు గమనించండి. అక్కడ నిలకడగా ఉంటే లోపం ఇంటి లోపలే, అంటే తీగల్లోనో, ఫోన్లలోనో, స్ప్లిటర్‌లోనో ఉంది. అక్కడా తెగిపోతుంటే, ఒక రోజుకు వేరొకరి మోడెమ్ అరువు తెచ్చి పెట్టి చూడండి. దానితోనూ తెగితే లోపం వీధిలోనే ఉంది, కొత్త మోడెమ్‌తో తీరేది కాదు.

ఈలోగా బ్రౌజర్‌లో మోడెమ్ చిరునామా తెరవండి. సాధారణంగా అది 192.168.1.1, మీ మోడెమ్ అడుగున ముద్రించి ఉంటుంది. స్టేటస్ పేజీలో రెండు అంకెలు రాసుకోండి. మొదటిది ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, అంటే తీగలోని రొదను తట్టుకోవడానికి సంకేతానికి మిగిలి ఉన్న వెసులుబాటు. అది 6 డెసిబెల్స్ కన్నా తగ్గితే లైన్ నిలవడం కష్టం. 10 దాటితే ధైర్యంగా ఉండవచ్చు. రెండోది అటెన్యుయేషన్, అంటే దారిలో సంకేతం ఎంత బలహీనపడిందో చెప్పే అంకె. అది ఎక్స్ఛేంజ్ నుంచి మీ ఇంటికి ఉన్న తీగ పొడవును బట్టి ఉంటుంది, కనుక దాదాపు మారకూడదు. 60 డెసిబెల్స్ దాటితే లైన్ బాగా దూరమన్నమాట. అది పొడి రోజుల్లో ఒకలా, వాన రోజున మరోలా ఉంటే అతుకు మీద అనుమానం బలపడుతుంది.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘ఇంటర్‌నెట్ రావడం లేదు’ అని మాత్రమే అనకండి. ఫోనులో గరగర ఉంటే అదే ముందు చెప్పండి. అప్పుడు అది తీగ లోపంగా నమోదయ్యే అవకాశం ఉంటుంది. స్తంభం మీది పెట్టెలో అతుకు మళ్లీ వేయమనీ, దానితో తీరకపోతే కేబుల్‌లో మంచి జతకు మార్చమనీ లైన్‌మన్‌ను అడగండి. అలా అడిగే హక్కు మీకు ఉంది.

ప్రశ్న: మా ప్లాన్ 8 ఎమ్‌బీపీఎస్. కానీ డౌన్‌లోడ్ సెకనుకు 850 కిలోబైట్లు దాటడం లేదు. మోసమా?
– ఒక పాఠకుడు, క్రోంపేట, చెన్నై

జవాబు: కాదు, మీకు వేగం పూర్తిగానే వస్తోంది. ప్లాన్‌లో చెప్పేది బిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది బైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక 8 మెగాబిట్లంటే 1,000 కిలోబైట్లే. ఏడీఎస్‌ఎల్‌లో సమాచారం 53 బైట్ల పొట్లాలుగా వెళుతుంది. ఒక్కోదానిలో 5 బైట్లు చిరునామా వంటి వివరాలకే పోతాయి. ఇతర వివరాలకు మరికొంత పోగా, 850 మిగలడం న్యాయమే.