సీడీ11బి రోజుకో రకంగా వస్తోందా? యాంటీబాడీని మార్చే ముందు రక్తాన్ని చూడండి

మీరు రెండు సంగతులు అడిగారు. ఆరోగ్యవంతుల న్యూట్రోఫిల్స్‌పై (ఇవి ఒక రకం తెల్లకణాలు) సీఆర్3 అనే రిసెప్టర్, అంటే సీడీ11బి, సీడీ18 జంటలోని సీడీ11బి, ఫ్లో సైటోమెట్రీలో (రంగు యాంటీబాడీ అంటించి ఒక్కో కణాన్నీ లేజర్‌తో కొలిచే పద్ధతి) రోజుకో రకంగా వస్తోందని. అదే రక్తంలో ఎర్రకణాలపై సీఆర్1 అనే మరో రిసెప్టర్ అసలు కనబడటం లేదని. కొత్త యాంటీబాడీ వయల్ తెప్పించాలా అన్నారు. ఇప్పుడే వద్దండి. కొన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఇలాంటి చోట్ల తేడా చాలాసార్లు రక్తాన్ని ఎలా చూసుకున్నామన్న దగ్గరే తేలుతుంది.

న్యూట్రోఫిల్ తన సీఆర్3నంతా పైపొర మీద ఉంచుకోదు. చాలా భాగం లోపల చిన్న సంచుల్లాంటి వెసికిల్స్‌లో, గ్రాన్యూల్స్‌లో దాచుకుని, కాస్త కదిలిస్తే నిమిషాల్లో పైకి తెచ్చేస్తుంది. సీఆర్1, అంటే సీడీ35, కూడా అంతే. కణాలను వేరుచేసే ప్రక్రియే న్యూట్రోఫిల్స్‌పై సీఆర్1ని పెంచుతుందని పరిశోధకులు ఫియరన్, కాలిన్స్ 1983లోనే చూపించారు. ఐసులో పెట్టి మళ్లీ వేడెక్కనిచ్చినా ఇదే గొడవ.

మా ల్యాబ్‌లో కొత్తవాళ్లతో మొదట చేయించేది ఇదే. ఒకే మనిషి రక్తం రెండు ట్యూబుల్లో తీసుకుంటాం. ఒకదాన్ని వెంటనే హోల్ బ్లడ్‌గానే, కణాలను వేరుచేయకుండా, స్టెయిన్ చేస్తాం, అంటే రంగు యాంటీబాడీ అంటిస్తాం. రెండోదాంట్లో కణాలను వేరుచేసి, కడిగి, ఆ తర్వాత స్టెయిన్ చేస్తాం. రెండు హిస్టోగ్రాములనూ ఒకదానిమీద ఒకటి వేసి చూస్తే రెండో శిఖరం కుడివైపుకు, అంటే ఎక్కువ వైపుకు, జరిగి ఉంటుంది. యాంటీబాడీ అదే, వోల్టేజీ అదే.

కాబట్టి రక్తం తీసిన వెంటనే హోల్ బ్లడ్‌లోనే, మొదటినుంచి చివరిదాకా చల్లగా, బఫర్‌లో సోడియం అజైడ్ వేసి చేయండి. ఎర్రకణాలను లైజ్ చేయడం, అంటే పగలగొట్టడం, స్టెయిన్ అయ్యాకే. న్యూట్రోఫిల్స్‌పై సీడీ16, సీడీ32 లాంటి ఎఫ్‌సీ రిసెప్టర్లుంటాయి, అవి యాంటీబాడీ తోకను పట్టేసుకుంటాయి. వాటిని ముందే బ్లాక్ చేయాలి, ఐసోటైప్ కంట్రోల్ (పోలిక కోసం వాడే, దేన్నీ గురిపెట్టని యాంటీబాడీ) ఒక్కటే సరిపోదు. న్యూట్రోఫిల్స్‌ను రెచ్చగొట్టే ఎఫ్ఎంఎల్‌పీ అనే పెప్టైడ్‌తో 37 డిగ్రీల దగ్గర ప్రేరేపించిన ట్యూబు ఒకటి ప్రతిసారీ పక్కన ఉండాలి. ఆ కణాలు ఎంతవరకు పెరగగలవో తెలిస్తేనే మీ అంకెకు అర్థం ఉంటుంది.

యాంటీబాడీ ఏ క్లోన్‌దో, అంటే ఏ రకందో, కూడా చూసుకోండి. ఐసీఆర్ఎఫ్44 పైపొర మీదున్న సీడీ11బి అంతటినీ పట్టుకుంటుంది, సీబీఆర్ఎమ్1/5 క్రియాశీల రూపాన్ని మాత్రమే. ఆ రూపంలోకి మారడానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి, రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ వాటిని లాగేసుకుంటుంది.

ఎర్రకణాల సంగతి వేరు. ఒక్కో కణంపై సీఆర్1 సాధారణంగా కొన్ని వందలే, బి కణాలపైనైతే వేలల్లో ఉంటుంది. ఎఫ్ఐటీసీ లాంటి మసక రంగుతో అది నేపథ్యంలో కలిసిపోతుంది. ఇంకా బాగా వెలిగే పీఈ రంగు వాడండి, ఇంకా చాలకపోతే బయోటిన్ యాంటీబాడీ మీద స్ట్రెప్టావిడిన్-పీఈ వేయండి. రెండో పొర వేసినప్పుడు కణాలు అతుక్కుంటాయి, ఆ డబ్లెట్లను (అతుక్కున్న జంటలను) లెక్కలోంచి తీసేయాలి. పైగా ఈ సంఖ్య మనిషికీ మనిషికీ చాలా మారుతుంది, అందులో జన్యువుల పాత్ర ఉంది. కణం ముసలిదైన కొద్దీ తగ్గుతుంది, లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బులోనూ తగ్గుతుంది. ఎక్కువ ఉన్నట్టు తెలిసిన దాత రక్తం పక్కన లేకుండా 'సీఆర్1 లేదు' అని రాయకండి.

ఒక్క చోట మాత్రం ఆలస్యం చేయకూడదు. తరచూ ఇన్ఫెక్షన్లు వస్తూ, తెల్లకణాలు బాగా ఎక్కువున్న పసిబిడ్డ శాంపిల్‌లో ఎఫ్ఎంఎల్‌పీ ఇచ్చాక కూడా సీడీ11బి, సీడీ18 రెండూ పైకి రాకపోతే, అది లాడ్-1 (సీడీ18 లోపంతో తెల్లకణాలు ఇన్ఫెక్షన్ చోటికి చేరలేని, పుట్టుకతో వచ్చే జబ్బు) కావచ్చు. పక్కన పెట్టిన ఆరోగ్యవంతుల ట్యూబు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుని, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి.