ఇంగ్లండ్‌లో నర్సు ఉద్యోగం: నెలకు మూడు లక్షలు నిజంగా చేతికి వస్తాయా?

ఐసీయూలో ఆరేళ్లు పనిచేసిన మీ చెల్లెలికి ఇంగ్లండ్‌లోని ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని, నెలకు మూడు లక్షలని ఏజెంటు చెబుతున్నాడని, నమ్మవచ్చా అని అడిగారు. అంకె అబద్ధం కాదు, కానీ అది కోతలకు ముందు లెక్క. నేను ఇక్కడి వార్డులోనే పనిచేస్తున్నాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

ఎన్‌హెచ్‌ఎస్ జీతాల పట్టిక బహిరంగమే. రిజిస్టరైన నర్సు బ్యాండ్ 5 అనే జీతశ్రేణిలో చేరుతుంది. 2025–26లో దాని మొదటి మెట్టు ఏడాదికి 31,049 పౌండ్లు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత కోసం కోసే చందా), పెన్షన్ పోగా నెలకు రెండు వేల పౌండ్లకు అటూ ఇటూగా మిగులుతాయి. ఇంటి అద్దె అందులోంచే కట్టాలి. వచ్చాక ఇవ్వాల్సిన ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసయ్యేవరకు చాలాచోట్ల కింది బ్యాండ్ జీతమే ఇస్తారు. రాత్రి వేళలకూ శనివారాలకూ 30 శాతం, ఆదివారాలకూ ప్రభుత్వ సెలవులకూ 60 శాతం అదనంగా వస్తుంది. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు రాత్రి డ్యూటీలు అడిగి మరీ వేయించుకునేది అందుకే.

పని వారానికి 37.5 గంటలు. షిఫ్టు పన్నెండు గంటలు దాటుతుంది, మధ్యలో విరామానికి జీతం లేదు. మొదట్లో ఏడాదికి 27 రోజుల సెలవు, దానికి తోడు పండుగ సెలవులు. ఈ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

అసలు బాధ అనుభవానికి విలువ దొరకకపోవడం. నేను చేరిన కొత్తలో ఒక వృద్ధురాలికి క్యాన్యులా (మందులెక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) ఊడిపోయింది. డాక్టరు వచ్చేవరకు ఆమె మంచం పక్కనే నిలబడ్డాను. ఆమె చేతిమీద నరం నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఏళ్ల తరబడి చేసిన పనే, అయినా ఆసుపత్రి శిక్షణ పూర్తయి, కాగితం మీద సంతకం పడేదాకా సూది ముట్టుకోవడానికి వీల్లేదు. నియమం రోగి క్షేమం కోసమే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ సీనియర్ నర్సుగా వచ్చినవారికి ఆ నెలలు చాలా కష్టంగా గడుస్తాయి. మీ చెల్లెలిని ముందే మానసికంగా సిద్ధం చేయండి. రోగికి ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం కూడా నర్సు పనే, పక్కన బంధువులు ఉండరు. పగటి షిఫ్టులో ఒక నర్సుకు ఎనిమిది మందికి మించి రోగులుంటే ప్రమాదం పెరుగుతుందని వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2014లోనే హెచ్చరించింది. సిబ్బంది సెలవు పెట్టిన రోజున ఆ హద్దు దాటడం నేను చూశాను.

ఏజెంటు ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. నర్సుల నుంచి నియామక రుసుము తీసుకోకూడదని బ్రిటన్ ప్రభుత్వ నియమావళి చెబుతోంది. ఆసుపత్రి రాయించుకునే బాండ్ (ఒప్పంద పత్రం) వేరు. మధ్యలో మానేస్తే టికెట్టు, పరీక్ష ఖర్చులు తిరిగి కట్టమంటారు. ఆ మొత్తం ఎంతో, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందో లేదో సంతకానికి ముందే రాతలో తీసుకోండి. ఆరేళ్ల అనుభవానికి పై మెట్టు ఇవ్వగలరా అని కూడా అడగమనండి, ఆ విచక్షణ ఆసుపత్రికి ఉంది. అన్నిటికంటే ముందు, వేసేది ఐసీయూలోనేనని ఆఫర్ లేఖలో ఉందో లేదో చూడమనండి.