బ్రాడ్‌కాస్ట్ మానిటర్‌ను కలర్ బార్స్‌తో ఎలా సెట్ చేయాలి?

మానిటర్ ఆన్ చేయగానే నాబ్‌లు తిప్పకండి. కనీసం అరగంట వేడెక్కనివ్వండి, అప్పటిదాకా రంగులు కుదురుకోవు. గదిలో వెలుతురు తగ్గించండి, తెర మీద లైట్ నేరుగా పడకూడదు.

ఇప్పుడు కెమెరా నుంచో టెస్ట్ సిగ్నల్ జనరేటర్ నుంచో ఎస్‌ఎంపీటీఈ కలర్ బార్స్ (మానిటర్ సరిచేసేందుకు వాడే ప్రామాణిక రంగు పట్టీల బొమ్మ) ఇవ్వండి. ముందు బ్రైట్‌నెస్. కుడివైపు కింద నలుపులో మూడు సన్నటి పట్టీలు ఉంటాయి, దాన్నే ప్లూజ్ అంటారు. మూడింటిలో కుడి పట్టీ మాత్రమే లీలగా కనిపించాలి, మిగతా రెండూ నలుపులో కలిసిపోవాలి. పేరు బ్రైట్‌నెస్ అయినా ఇది సరిచేసేది నలుపునే. తెలుపు సంగతి కాంట్రాస్ట్ చూసుకుంటుంది. స్టూడియోల్లో తెలుపును సాధారణంగా 100 నిట్స్ (తెర వెలుగుకు కొలమానం) దగ్గర ఉంచుతారు, దానికి వెలుగు కొలిచే మీటర్ కావాలి.

రంగుకు కంటిని నమ్మొద్దు, తెర మీద నీలం మాత్రమే చూపే బ్లూ ఓన్లీ బటన్ నొక్కండి. పెద్ద బార్లలో ఒకటి విడిచి ఒకటి నీలంగా వెలుగుతాయి. రెండు చివరల బార్లు తమ కిందున్న చిన్న పట్టీలతో సమానమయ్యేదాకా క్రోమా (రంగు గాఢత) తిప్పండి. మధ్యలోని రెండూ తమ కింది పట్టీలతో తేడాగా ఉంటే ఫేజ్ (రంగు ఛాయ) సరిచేయండి. ఎస్‌డీఐ (డిజిటల్ వీడియో) ఇన్‌పుట్‌కైతే ఫేజ్‌తో దాదాపు పని ఉండదు.

పాత అనలాగ్ మానిటర్లలో ఇంకో తిరకాసు ఉంది: ఒకే సిగ్నల్ ఒకదాని నుంచి మరోదానికి వెళ్లే లూప్‌లో చివరి మానిటర్‌కు 75 ఓమ్ టెర్మినేషన్ (లైన్ చివర ఉండే నిరోధం) ఆన్‌లో లేకపోతే బొమ్మ మరీ తెల్లగా వస్తుంది. అది చూడకుండా కాంట్రాస్ట్ తగ్గించేవాళ్లే ఎక్కువ.

హెచ్‌డీ పనికి మెనూలో రెక్ 709 (హెచ్‌డీ రంగుల ప్రమాణం), డీ65 (తెలుపు ఏ ఛాయలో ఉండాలో చెప్పేది), గామా 2.4 (నలుపు నుంచి తెలుపుదాకా వెలుగు పెరిగే తీరు) పెట్టుకోండి.