కలల్ని బట్టి వైద్యం... చదువుగా పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. చైనా వెళ్లి అక్కడి సంప్రదాయ వైద్యం చదువుతానని, రోగుల కలల్ని బట్టి జబ్బు పసిగడతానని పట్టుబట్టింది. కలలు రాసుకునే నోట్‌బుక్కు లాక్కుని బీరువాలో పెట్టాను. చైనా మేలా, బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) మేలా? - ఓ తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ నోట్‌బుక్కు పిల్లకిచ్చేయండి. చదువు గురించి అడిగారు కానీ, మీ భయం అమ్మాయి మూఢనమ్మకాల్లో పడిందేమోనని. అలాంటిదేం లేదు. చైనా వైద్యానికి మూలగ్రంథమైన 'హువాంగ్‌ది నేయ్‌జింగ్' సుమారు రెండు వేల ఏళ్ల నాటిది. ఒంట్లో యిన్ (చల్లదనపు శక్తి) పెరిగితే పెద్ద నీళ్లు దాటుతూ భయపడినట్టు, యాంగ్ (వేడి శక్తి) పెరిగితే మంటలు రేగినట్టు కలలొస్తాయంటుంది. కడుపు నిండితే ఇతరులకు ఇస్తున్నట్టు, ఆకలితో పడుకుంటే తీసుకుంటున్నట్టు కలగంటారట. ఇది జోస్యం కాదు, ఒంట్లో సంగతి తెలుసుకునే ప్రయత్నం. అక్కడి వైద్యులు నాడి పట్టి, నాలుక చూసి, నిద్ర గురించి అడుగుతూ కలల్నీ అడుగుతారు. మన ఆయుర్వేద ఆచార్యుడు చరకుడూ కలల్ని ఏడు రకాలుగా చెప్పి, వాటిలో వాత, పిత్త, కఫ దోషాల వల్ల వచ్చేవాటినీ చేర్చాడు. రోగి చెప్పేది ఓపిగ్గా వినాలనుకునే పిల్లను చూసి సంతోషించాలి గానీ దొంగను పట్టినట్టు పట్టుకుంటారా?

నా అనుమానమల్లా ఆన్‌లైన్‌లో కొద్దివారాల్లో 'కలల చికిత్స' సర్టిఫికెట్ ఇస్తామనే కోర్సుల మీదే. ఫలానా కల ఫలానా అవయవం జబ్బుకు గుర్తని ఆధునిక పరిశోధనలో రుజువు కాలేదు. రోజూ నీళ్లలో మునుగుతున్నట్టు కలగని ఉలిక్కిపడి లేచే మనిషికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండొచ్చు, పాత దెబ్బ తాలూకు భయమూ కావచ్చు. యిన్ పెరిగిందని తేల్చేసి సూదులు గుచ్చుతూ కూర్చుంటే అసలు జబ్బు ముదురుతుంది. ఆ సర్టిఫికెట్లకు ఒక్క రూపాయి కట్టొద్దు.

చైనాలో ఈ డిగ్రీ సాధారణంగా ఐదేళ్లు. తిరిగొచ్చాక ఆ పట్టాతో ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కాలేరు. మన ఆయుష్ పద్ధతుల్లో అది లేదు, విదేశీ ఎంబీబీఎస్ వాళ్లు రాసే పరీక్షకూ పనికిరాదు. 2019లో కేంద్రం గుర్తించింది ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) ఒక్కదాన్నే, అదీ ఒక చికిత్సా విధానంగా. బీఏఎంఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. రిజిస్ట్రేషన్ ఉంటుంది, చరకుణ్నీ చదువుతుంది. నా ఓటు దానికే. ఎంబీబీఎస్ సీటొస్తే సైకియాట్రీ దాకా వెళ్లొచ్చు. సైకాలజీ డిగ్రీ అన్నా కంగారుపడకండి.

చైనా మీద ఇష్టం అప్పటికీ ఉంటే పట్టా చేతిలో ఉంచుకుని వెళుతుంది. చైనీస్ భాష మాత్రం ఈ వేసవి నుంచే నేర్చుకోనివ్వండి.